ఆటో బ్రేక్ ఆపేయాలా? హైదరాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ క్యాబ్ సంస్థ కేస్ స్టడీ

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఐటీ ఉద్యోగులను ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆఫీసులో దింపే రవాణా సంస్థ ఒకటి కొన్ని ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు కొన్నది. అప్పుడప్పుడు విజయవాడ ట్రిప్పులు కూడా ఉంటాయి. బండ్లన్నిటిలో లెవెల్ 2 ఎడాస్, అంటే డ్రైవర్‌కు సాయంగా కారే బ్రేక్, స్టీరింగ్, వేగం కొంత చూసుకునే ఏర్పాటు ఉంది. డ్రైవర్లు మాత్రం బండి ఆన్ చేయగానే స్క్రీన్‌లోకి వెళ్లి ఒక్కొక్కటిగా అన్నీ ఆపేస్తున్నారు. ఆపకుండా వదిలేసిన ఒక బండికేమో వెనక బంపర్ పోయింది. ముందు బైకు అడ్డొస్తే కారే బ్రేక్ వేసుకుంది, వెనకాలే వస్తున్న క్యాబ్ వచ్చి గుద్దింది. "అన్నీ ఆఫ్‌లోనే ఉంచమని అందరికీ మెసేజ్ పెట్టేస్తే టెన్షన్ ఉండదు కదండీ" అన్నారు యజమాని. డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఆ మెసేజ్ కొన్నాళ్లు ఆపమని, డ్రైవర్లతో కూర్చుని తిరిగాక చెబుతానని అన్నాను.

తిరిగాక తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. ఆటో బ్రేక్‌ను ఏ రోడ్డు మీదా ఆపకూడదు. బండిని గీతల మధ్య ఉంచేందుకు స్టీరింగ్‌ను తనే తిప్పే లేన్ కీప్‌ను ఔటర్ రింగ్ రోడ్డు మీద తప్ప ఆన్‌లో ఉంచకూడదు. ముందు బండికి దూరం ఉంచుతూ మనం పెట్టిన వేగంలో నడిపే క్రూజ్ కంట్రోల్ సంగతి రోడ్డును బట్టి, టైమును బట్టి డ్రైవర్ తేల్చుకోవాలి. ఈ మూడింటినీ 'ఎడాస్' అని ఒకే పేరుతో పిలవడం వల్లే డ్రైవర్లు మూడింటినీ కలిపి ఆపేస్తున్నారు.

బండిలో ఉన్నవి

ముందు అద్దం వెనక, లోపలి మిర్రర్ పక్కన ఒక కెమెరా ఉంటుంది. ముందు భాగంలో కింద 77 గిగాహెర్ట్జ్ రాడార్, వెనక బంపర్ రెండు మూలల్లో చిన్న రాడార్లు. ఎదురుగా ఉన్నది కారా, మనిషా, బైకా అని కెమెరా గుర్తుపడుతుంది. అది ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా దగ్గరవుతోంది అన్నది రాడార్ కొలుస్తుంది. వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ లెక్కలో 0 నుంచి 5 దాకా ఉన్న స్థాయుల్లో ఇది లెవెల్ 2. అంటే స్టీరింగ్, వేగం రెండూ కాసేపు కారు చూసుకోగలదు, కానీ రోడ్డు చూసే బాధ్యత పూర్తిగా డ్రైవర్‌దే. 2022 చివర్లో బీవైడీ అట్టో 3, 2023లో అయానిక్ 5 మన దగ్గరికి వచ్చినప్పుడు ఇవి ఖరీదైన బండ్ల సరంజామా. 2025 వచ్చేసరికి క్రెటా ఎలక్ట్రిక్, మహీంద్రా బీఈ 6, హారియర్ ఈవీ లాంటి వాటి పై వేరియంట్లలోనూ దొరుకుతున్నాయి. అందుకే క్యాబ్ డ్రైవర్ చేతికి కూడా వచ్చాయి. బండి ఇచ్చిన రోజు షోరూమ్ వాళ్లు ఛార్జింగ్ గురించి, రేంజ్ గురించి బాగానే చెప్పారట. ఎడాస్ గురించి చెప్పింది మాత్రం 'ఇక్కడ నొక్కితే ఆన్, ఇక్కడ నొక్కితే ఆఫ్' అన్నంత వరకే.

డ్రైవర్లు ఎందుకు ఆపుతున్నారు

సూర్యాపేట దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చాలా ఏళ్లు లారీ నడిపినవాడు, మొదటి రోజే చెప్పేశాడు: "ఊకె మొత్తుకుంటది సార్. స్టీరింగ్ గుంజుతది. బండి నేను నడుపుతున్ననా, అది నడుపుతున్నదా?" ఆ ప్రశ్న సరైనది. స్టీరింగ్ తన చేతి మాట వినకపోతే ఏ మంచి డ్రైవరైనా కంగారు పడతాడు. ఆయనతో కలిసి విజయవాడ హైవే ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్ దాటి వెళ్లాం. ఎడమ అంచున జనంతో నిండిన ఆటో ఒకటి మెల్లగా పోతోంది. దానికి కాస్త ఎడం ఇవ్వాలని ఆయన బండిని కుడివైపు సగం లేన్ జరిపాడు. ఇండికేటర్ వేయలేదు. టైరు తెల్లగీతను తాకబోతుండగా స్టీరింగ్ ఎడమకి, అంటే సరిగ్గా ఆటో ఉన్న వైపుకి లాగింది. ఆయన గట్టిగా పట్టుకున్నాడు కాబట్టి ఏమీ కాలేదు. కొత్త డ్రైవరైతే ఉలిక్కిపడేవాడు.

తర్వాత ఇంకో ఆటో కనిపించినప్పుడు ముందు ఇండికేటర్ వేసి జరగమన్నాను. ఈసారి స్టీరింగ్ కదలలేదు, శబ్దమూ రాలేదు. లేన్ మారడం డ్రైవర్ కావాలనే చేస్తున్నాడని కారుకు తెలిసేది ముఖ్యంగా ఆ ఇండికేటర్ వల్లే. మన దగ్గర చిన్నగా పక్కకు జరిగేటప్పుడు ఇండికేటర్ వేసే అలవాటు లేదు, ఈ సాఫ్ట్‌వేరేమో ఆ అలవాటు ఉందనుకునే తయారైంది. ఇంతవరకైతే నేర్పించి సరిచేయొచ్చు.

నేర్పించినా సరికానిది గీతల గొడవ. ఆ హైవే మీద ఫ్లైఓవర్ల పనులు, సర్వీస్ రోడ్ల పనులు జరిగే చోట దారి మళ్లిస్తూ డ్రమ్ములు పెడతారు. పాత గీతలు చెరపరు. కెమెరాకి పాత గీత తెల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. డ్రమ్ములు చూపించే కొత్త దారి దానికి దారిలా కనిపించదు. అలాంటి చోట ఒకసారి బండి పాత గీత వెంట, అంటే తవ్వకం వైపు మొగ్గింది. ఇక్కడ డ్రైవర్ తప్పేమీ లేదు, అతను చేయగలిగిందీ లేదు. అందుకే హైవే మీద లేన్ కీప్ వద్దన్నాను. గీత దాటుతుంటే బీప్ మాత్రం చేసి, స్టీరింగ్ జోలికి రాని సెట్టింగ్ ఒకటి ఉంది. రాత్రి ట్రిప్పుల్లో కునుకు పట్టేవాళ్లకి అది పనికొస్తుంది కాబట్టి అది ఉంచమన్నాను.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇదే ఫీచర్ వేరే బండిలో ఉందా అన్నంత మర్యాదగా నడిచింది. గీతలు బాగుంటాయి, బైకులకు అనుమతి లేదు, అడ్డంగా దాటేవాళ్లుండరు. పెద్ద వంపుల్లోనూ బండి లేన్ మధ్యలో నిలకడగా పోయింది. ఒక్క ఎగ్జిట్ ర్యాంపుల దగ్గరే జాగ్రత్త కావాలి. ఎడమ గీత చీలి ర్యాంపు వైపు తిరిగే చోట బండి కాసేపు ఏ గీతను పట్టుకోవాలో తేల్చుకోలేక ఎగ్జిట్ వైపు జరుగుతుంది. ఎడమ చివరి లేన్‌లో పోయేటప్పుడు మాత్రమే ఈ సమస్య.

క్రూజ్ కంట్రోల్: ఇష్టంగా వాడేది ఇదొక్కటే

అన్నీ ఆపేసే డ్రైవర్లు కూడా అడాప్టివ్ క్రూజ్‌ను మాత్రం విజయవాడ ట్రిప్పుల్లో తిరిగి ఆన్ చేసుకుంటున్నారు. కారణం రేంజ్. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి, అంటే వేగం రెట్టింపైతే నాలుగింతలు పెరుగుతుంది కాబట్టి 110లో పోయే బండిని 85 దగ్గర కట్టేస్తే బ్యాటరీ ఎంత మిగులుతుందో వాళ్లకి స్క్రీన్ మీదే కనిపిస్తోంది. కాలు పెడల్ మీద ఉంటే తెలియకుండానే వేగం పెరుగుతుంది, క్రూజ్‌లో పెరగదు. సూర్యాపేటలో అనవసరంగా ఛార్జింగ్‌కి ఆగడం తప్పుతుంది. ఇది నిజమైన లాభం, నేను కాదనలేదు.

చిక్కు ముందు బండికి వదిలే దూరంతో వస్తుంది. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్ల ఎడం అంటే 44 మీటర్ల ఖాళీ. మన హైవే మీద అంత ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు దూరతారు. దూరిన ప్రతిసారీ కారు వేగం తగ్గిస్తుంది, వాళ్లు పక్కకి పోగానే మళ్లీ అందుకుంటుంది. ఎలక్ట్రిక్ మోటార్ కాబట్టి ఆ అందుకోవడం కూడా ఒక్కసారిగా ఉంటుంది. వెనక సీట్లో ల్యాప్‌టాప్ చూసేవాళ్లకు వాంతి వచ్చినట్టు అవుతోందని ఫిర్యాదులు వచ్చింది ఇందువల్లే. దానికి డ్రైవర్లు కనిపెట్టిన మందు దూరాన్ని అతి తక్కువకి పెట్టుకోవడం. అప్పుడు ఎవరూ దూరరు, నిజమే. కానీ ముందు లారీ సడన్‌గా ఆగితే కారుకూ టైముండదు, డ్రైవర్‌కీ ఉండదు. దూరం ఎక్కువలో ఉంచి, డ్రైవ్ మోడ్‌ను ఎకోలో పెట్టమన్నాను. ఎకోలో అందుకోవడం నిదానంగా ఉంటుంది, ఒడుదుడుకులు చాలావరకు తగ్గాయి. దూరేవాళ్లు దూరనీ, విజయవాడ చేరేసరికి తేడా కొద్ది నిమిషాలే.

సిటీలో, ముఖ్యంగా కూకట్‌పల్లి, మియాపూర్ ట్రాఫిక్‌లో దీన్ని వాడొద్దని కచ్చితంగా చెప్పాను. ముందు బండి కదలగానే తనూ కదిలే సదుపాయం ఈ మోడల్‌లో ఉంది. ఆగిన బండ్ల మధ్య నుంచి మనుషులు నడిచి దాటే ఊరిలో, కారు తనంతట తాను కదలడం అనేదే ఉండకూడదు.

ఆగి ఉన్న లారీ

నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. అందుకే డ్రైవర్లకి దీని గురించే ఎక్కువసేపు చెప్పాను.

రాడార్‌కి కదిలే వస్తువును పట్టుకోవడం తేలిక. కదలనివి దానికి వందల్లో కనిపిస్తాయి: సైన్‌బోర్డు, రెయిలింగ్, వంతెన గోడ. అన్నిటికీ బ్రేక్ వేస్తే బండి నడవదు. అందుకని వేగంగా పోయేటప్పుడు కదలని వస్తువు విషయంలో సాఫ్ట్‌వేర్ కెమెరా సాక్ష్యం కోసం చూస్తుంది. కెమెరా చూసి నేర్చుకున్నది మామూలు బండి వెనక భాగం: రెండు ఎర్ర లైట్లు, నంబర్ ప్లేటు, నలుచదరపు ఆకారం. ఇప్పుడు రాత్రి పూట నకిరేకల్ దాటాక రోడ్డు పక్కన చెడిపోయి ఆగిన లారీని ఊహించండి. లైట్లు లేవు, రిఫ్లెక్టర్ మట్టి కొట్టుకుపోయింది, వెనక నాలుగు రాళ్లు, రెండు చెట్టు కొమ్మలు. మేం అలాంటి లారీ దగ్గరికి క్రూజ్‌లోనే, డ్రైవర్ కాలు బ్రేక్ మీద సిద్ధంగా పెట్టి, పక్క లేన్ ఖాళీగా ఉంచుకుని వెళ్లాం. డ్రైవర్ బ్రేక్ నొక్కే దాకా కారు ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. డిమ్ లైటులో మనకి స్పష్టంగా కనిపించేది అటూఇటూగా 50 మీటర్లు. 90 వేగంలో అది రెండు సెకన్ల దారి.

రెండు పక్కలా ఉబ్బి పోయే పత్తి లోడు, వరిగడ్డి ట్రాక్టరు, వెనక్కి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు కూడా ఈ కోవలోవే. చువ్వల విషయం మరీ ప్రమాదం. కారు ట్రాలీ వెనక చెక్కను చూసి దూరం లెక్కేస్తుంది, చువ్వల కొసను కాదు. గేదెలు రోడ్డు దాటుతుంటే మాకు ఒక్కసారీ హెచ్చరిక రాలేదు, మాన్యువల్‌లో కూడా జంతువులను గుర్తించకపోవచ్చని రాసే ఉంది.

చైనాలో 2025 మార్చి 29 రాత్రి ఆన్‌హుయ్ ప్రావిన్స్‌లో జరిగిన షావోమీ ఎస్‌యూ7 ప్రమాదాన్ని డ్రైవర్లకు ఈ సందర్భంలోనే చెప్పాను. ఎక్స్‌ప్రెస్‌వే మీద పనుల కోసం దారి మళ్లించిన చోటు అది. బండి డ్రైవర్ అసిస్ట్‌లో 116 వేగంతో పోతోంది. అడ్డంకి ఉందని హెచ్చరిక వచ్చింది, డ్రైవర్ స్టీరింగ్ అందుకున్నారు, కొద్ది సెకన్లలోనే కాంక్రీటు అడ్డుగోడను దాదాపు 97 వేగంతో ఢీకొంది. బండిలో ఉన్న ముగ్గురు యువతులూ చనిపోయారు. మరుసటి నెలలోనే చైనా ప్రభుత్వం, ఇలాంటి వ్యవస్థలను తనంతట తానే నడిచే బండి అన్నట్టు ప్రచారం చేయొద్దని కార్ల కంపెనీలకు చెప్పింది. పగ్గాలు డ్రైవర్ చేతికి ఎప్పుడిచ్చింది అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. డ్రైవర్ పరధ్యానంలో ఉంటే ఆ రెండు మూడు సెకన్లు చూసి అర్థం చేసుకోవడానికే సరిపోవు.

బంపర్ పోయిన రోజు

యజమాని అడిగిన ప్రశ్నకి సమాధానం డ్యాష్‌క్యామ్‌లో ఉంది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆపి ఆపి చూపించాను. బండి 40 వేగంలో వెళ్తోంది. ఎడమ సర్వీస్ రోడ్డు గండి నుంచి ఒక బైకు రాంగ్ సైడ్‌లో దూసుకొచ్చింది. దాని మీద ఇద్దరు, హెల్మెట్ ఒక్కరికే ఉంది. బైకు కనబడే సమయానికి మధ్య దూరం పది పన్నెండు మీటర్లకు మించదు. 40 వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. పొడి రోడ్డు మీద పూర్తి బ్రేక్ పడితే ఆగడానికి 8 మీటర్ల దాకా పడుతుంది. మనిషి చూసి, కాలు మార్చి, నొక్కేసరికి ఒక సెకను, అంటే ఇంకో 11 మీటర్లు. మొత్తం 19. దూరమేమో పన్నెండు. కారు ఆ సెకను తీసుకోలేదు కాబట్టి బైకుకి ఇవతల ఆగింది. వెనక క్యాబ్ అతుక్కుని వస్తోంది కాబట్టి గుద్దింది.

"ఆటో బ్రేక్ ఆఫ్‌లో ఉండి ఉంటే మీ వెనక బంపర్ బాగానే ఉండేదండీ, ముందు బంపర్ కింద ఇద్దరు ఉండేవాళ్లు" అన్నాను. ఆయన ఇంకోసారి ప్లే చేయమన్నారు. మెసేజ్ ప్రస్తావన మళ్లీ తేలేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా బైకుల మీద ఉన్నవాళ్లే. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ అధ్యయనాల్లో, ఆటో బ్రేక్ ఉన్న బండ్లు ముందు బండిని గుద్దే ప్రమాదాలు దాదాపు సగం తగ్గాయి. పాదచారులను గుద్దడం 27 శాతం తగ్గింది, కానీ వీధి దీపాల్లేని చీకట్లో తేడా ఏమీ కనిపించలేదు. అదే సంస్థ 2024లో, క్రూజ్‌నీ లేన్ మధ్యలో నడపడాన్నీ కలిపిన వ్యవస్థల వల్ల ప్రమాదాలు తగ్గుతున్నట్టు నమ్మదగిన ఆధారం లేదని చెప్పింది. రోడ్లు వేరు, ట్రాఫిక్ వేరు అయినా నేను ఈ బండ్లలో చూసింది కూడా ఇదే. ప్రాణం కాపాడే ఫీచర్ తెర వెనక మౌనంగా ఉంటుంది. డ్రైవర్‌ను విసిగించేదీ, షోరూమ్‌లో గొప్పగా చూపించేదీ సౌకర్యం కోసం పెట్టిన ఫీచర్.

వెనక నుంచి గుద్దించుకోకుండా కొంత చేయొచ్చు. ఎలక్ట్రిక్ బండిలో యాక్సిలరేటర్ వదిలితేనే రీజెన్ వల్ల, అంటే మోటారు బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపడం వల్ల వేగం తగ్గుతుంది. కార్ల బ్రేకుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన యూఎన్ 13-హెచ్ నిబంధన ప్రకారం ఆ తగ్గడం సెకను వర్గానికి 1.3 మీటర్లు దాటితే బ్రేక్ లైటు వెలిగి తీరాలి, 0.7 లోపైతే వెలగకూడదు. అంటే కొద్దిపాటి రీజెన్‌తో బండి నెమ్మదిస్తున్నప్పుడు వెనకవాడికి ఏ సూచనా అందదు. అందుకే సిటీలో బ్రేక్ పెడల్‌ను కాస్త తాకి లైటు వెలిగించే అలవాటు చేయించాను. ఇంకొకటి, బ్యాటరీ నూరు శాతం నిండి ఉన్న పొద్దున పూట రీజెన్ సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే ఆ కరెంటు దాచుకునే చోటుండదు. నిన్న సాయంత్రం కాలు తీస్తే ఆగిన బండి ఇవాళ పొద్దున జారుతూ పోతుంది. మొదటి ట్రిప్పులో ఈ తేడా గుర్తుంచుకోమన్నాను.

అద్దం, పసుపు, పూలదండ

ఒక బండి మిగతావాటిలా కాకుండా ఔటర్ మీద కూడా లేన్‌కి ఎడమగా నడుస్తూ, కుడి గీత దూరంగా ఉన్నా బీప్ కొడుతోంది. డ్రైవర్‌ని అడిగితే రాయి తగిలి పగిలిన ముందు అద్దాన్ని బయట షాపులో మార్పించామన్నాడు. కెమెరాను తీసి తిరిగి బిగించారు, దాని చూపు సూటిగా ఉందో లేదో కొలిచి సరిచేసే క్యాలిబ్రేషన్ చేయలేదు. కెమెరా ఒక డిగ్రీ తిరిగినా 50 మీటర్ల అవతల దాదాపు 90 సెంటీమీటర్ల తేడా వస్తుంది. సర్వీస్ సెంటర్లో టార్గెట్ బోర్డు పెట్టి సరిచేయించాక బండి దారికొచ్చింది. అద్దం మార్చిన బిల్లులో క్యాలిబ్రేషన్ లైను లేకపోతే బండి రోడ్డెక్కించొద్దని యజమానికి రాసిచ్చాను. ముందు బంపర్ విప్పి బిగించినా ఇదే నియమం.

దసరాకి ఆయుధపూజ చేసిన మర్నాడు రెండు బండ్లలో 'ముందు రాడార్ పనిచేయడం లేదు' అని మెసేజ్ వచ్చింది. కింది గ్రిల్ మీద తడి పసుపు దట్టంగా పూశారు, దాని మీద బంతిపూల దండ. తుడవగానే మెసేజ్ పోయింది. పూజ మానక్కర్లేదు. బానెట్ మీద, చక్రాల దగ్గర బొట్లు పెట్టుకోమని, నిమ్మకాయ మిరపకాయల దండ రాడార్ ముందు కాకుండా పక్కకి కట్టుకోమని రాడార్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. వానాకాలంలో బురద కూడా అదే పని చేస్తుంది. అద్దం పైభాగంలో పేర్ల స్టిక్కర్ అంటించేవాళ్లకు కెమెరా చోటు వదలమని చెప్పాను.

ఏం మార్చాం, ఏం మిగిలింది

తాళం ఇచ్చే ముందు ప్రతి డ్రైవర్‌తో ఒక పూట తిరగడం మొదలుపెట్టాం: కాసేపు సిటీ, కాసేపు ఔటర్, వీలైతే చీకటి పడ్డాక హైవే. స్క్రీన్ మీద ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలుగులో, ఉర్దూలో ఒక అట్ట రాసి సన్ వైజర్‌కి పెట్టాం. ఈ మోడల్‌లో బండి ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ లేన్ కీప్ తిరిగి ఆన్ అవుతుంది. స్టీరింగ్ మీద ఉన్న షార్ట్‌కట్ బటన్‌కి దాన్ని కేటాయించాం. దీంతో డ్రైవర్‌కి స్క్రీన్‌లోకి వెళ్లే అవసరమే పోయింది, వెళ్లకపోతే ఆటో బ్రేక్ ఆపే అవకాశమూ పోయింది. నా లెక్కలో ఈ కేసు మొత్తంలో ఎక్కువ పనిచేసిన మార్పు ఈ బటనే.

ఇప్పుడు అన్ని బండ్లలో ఆటో బ్రేక్ ఆన్‌లో ఉంటోంది. లారీ నడిపిన పెద్దాయన ఔటర్ మీద లేన్ కీప్ కూడా వాడుతున్నాడు, హైవే ఎక్కగానే బటన్ నొక్కేస్తాడు. కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురు క్రూజ్ దూరాన్ని ఇప్పటికీ తక్కువకే మార్చుకుంటున్నారు. దాన్ని తాళం వేసి ఉంచే మార్గం ఈ బండిలో లేదు, ఆ విషయం మాత్రం తేలలేదు. మిర్రర్‌లో కనబడని చోట బండి ఉందని చెప్పే బ్లైండ్ స్పాట్ లైటు సిటీలో ఎప్పుడూ వెలుగుతూనే ఉండటంతో దాన్ని ఎవరూ చూడటం లేదు, ఔటర్ మీద చూస్తున్నారు.

తర్వాతి బండ్లు కొనేటప్పుడు ఏం అడగాలని యజమాని అడిగారు. లేన్ మధ్యలో నడిపే ఫీచర్ కోసం అదనంగా డబ్బు పెట్టొద్దన్నాను. డ్రైవర్ కళ్లను గమనించి నిద్రమత్తు పసిగట్టే కెమెరా, రివర్స్‌లో అడ్డంగా వచ్చే బండిని చెప్పే వెనక రాడార్, చీకట్లో దూరం చూపించే మంచి హెడ్‌లైట్లు ఉన్న వేరియంట్ చూడమన్నాను. డెలివరీకి ముందు ఆ బండిని రాత్రిపూట ఒకసారి ఎన్‌హెచ్ 65 మీద నడిపించి చూస్తామని షోరూమ్ వాళ్లతో ముందే ఒప్పందం చేసుకోమని కూడా రాసిచ్చాను.